అప్‌డేట్లు వాటంతట అవే పడి పట్టపగలు డేటాబేస్ రీస్టార్ట్ అవుతోంది. ఆపేయాలా, ఉంచాలా?

బెజవాడ_అడ్మిన్
ఒక ప్రైవేటు ఆసుపత్రికి సర్వర్లు చూస్తుంటాను. ఓపీ రిజిస్ట్రేషన్, బిల్లింగ్, ల్యాబ్ రిపోర్టులు అన్నీ క్లౌడ్‌లో ఉన్న ఒకే ఉబుంటు 22.04 మెషీన్ మీద నడుస్తాయి. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. నిన్న పన్నెండు కావస్తుండగా, క్యూ బయటి వరండా దాకా ఉన్న టైములో, బిల్లింగ్ స్క్రీన్లన్నీ ఒక్కసారిగా ఎర్రర్ చూపించాయి. నేను లాగిన్ అయ్యేలోపే అదే సర్దుకుంది. కానీ సగం కొట్టిన బిల్లులు పోయాయి, కౌంటర్‌లో అమ్మాయిలు అనవసరంగా మాటలు పడ్డారు.

లాగ్ తీస్తే అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ (అప్‌డేట్లని దానంతట అదే వేసే ఉబుంటు ప్రోగ్రాం) వచ్చి మైఎస్‌క్యూఎల్‌ని అప్‌గ్రేడ్ చేసి రీస్టార్ట్ చేసింది. జులైలో కూడా ఇలాగే జరిగింది, అదీ దాదాపు ఇదే టైముకి. "ఆ ఆటోమేటిక్ గోల మొత్తం తీసెయ్" అని పైవాళ్ళ ఒత్తిడి. తీసేస్తే ప్యాచ్‌లు వేయడానికి ఇక్కడ ఉన్నది నేనొక్కడినే. మీరైతే ఏం చేస్తారు?

నైట్‌షిఫ్ట్_నాని
తీసెయ్ అన్నా, ఆలోచించకు. ప్రొడక్షన్ సర్వర్‌లో మనం చెప్పకుండా ఏదీ మారకూడదు. నెలకో ఆదివారం కూర్చుని చేత్తో వేసుకుంటే సరిపోతుంది.

ఓరుగల్లు_రూట్
నానీ, ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టమంటున్నావు.

బెజవాడ గారూ, ముందు ఆ మెషీన్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కొట్టి టైమ్‌జోన్ చూడండి. క్లౌడ్ ఇమేజ్ కాబట్టి యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకన్నా ఐదున్నర గంటలు వెనక) ఉంటుంది. ఉబుంటులోనూ డెబియన్‌లోనూ రెండు టైమర్లు ఉంటాయి. ఆప్ట్-డైలీ అనేది ప్యాకేజీల జాబితా తెచ్చి డౌన్‌లోడ్ చేస్తుంది. ఆప్ట్-డైలీ-అప్‌గ్రేడ్ అనేది ఇన్‌స్టాల్ చేస్తుంది. ఈ రెండోది పొద్దున 6 గంటలకి, దాని మీద గంట లోపల ఏదో ఒక యాదృచ్ఛిక ఆలస్యంతో నడుస్తుంది. 6 నుంచి 7 యూటీసీ అంటే మనకి 11:30 నుంచి 12:30. యూరప్ వాళ్ళకి అది పొద్దున్నే, మనకి సరిగ్గా ఓపీ రద్దీ.

అంటే సమస్య అప్‌డేట్ పడటం కాదు, పడే టైము.

కాకినాడ_కెర్నల్
రూట్ గారు చెప్పినదానికి ఇంకోటి. జులై తర్వాత మళ్ళీ ఈ అక్టోబర్‌లో జరిగింది కదా, అది కాకతాళీయం కాదు. ఒరాకిల్ తన సెక్యూరిటీ ప్యాచ్‌లని జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ నెలల్లో విడుదల చేస్తుంది. మైఎస్‌క్యూఎల్ వాళ్ళదే. ఆ వెంటనే కొద్ది రోజుల్లో ఉబుంటు వాళ్ళు కొత్త పాయింట్ వెర్షన్‌ని సెక్యూరిటీ రిపాజిటరీలో (ప్యాకేజీలు ఉంచే చోటు) పెడతారు. ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు డేటాబేస్ ఆగి మళ్ళీ లేస్తుంది. కాబట్టి తర్వాతది జనవరి చివర్లో చూసుకోండి.

బెజవాడ_అడ్మిన్
యూటీసీయే! నిన్నటి నుంచి డిస్క్, మెమరీ, నెట్‌వర్క్ అన్నీ అనుమానించాను. టైము మార్చడం ఎలాగో చెప్పండి. ఆ క్రాన్ ఫైలు ఎక్కడుందో దొరకలేదు.

ఓరుగల్లు_రూట్
క్రాన్‌లో (టైము ప్రకారం పనులు నడిపే పాత పద్ధతి) వెతక్కండి, ఇది సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులని నడిపే ప్రోగ్రాం) టైమర్. సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ అని కొట్టి పక్కన ఆప్ట్-డైలీ-అప్‌గ్రేడ్ డాట్ టైమర్ పేరు ఇవ్వండి. ఎడిటర్ వస్తుంది. అందులో టైమర్ విభాగం పెట్టి మూడు లైన్లు రాయాలి.

మొదటిది: ఆన్‌క్యాలెండర్, ఈక్వల్స్, తర్వాత ఏమీ లేకుండా ఖాళీ.
రెండోది: మళ్ళీ ఆన్‌క్యాలెండర్, ఈక్వల్స్, 03:00, స్పేస్, ఏషియా/కోల్‌కతా.
మూడోది: రాండమైజ్డ్-డిలే-సెక్ విలువ 20 నిమిషాలు.

ఆ మొదటి ఖాళీ లైను చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే పాత 6 గంటల టైము పోదు, రోజుకి రెండుసార్లు నడుస్తుంది. టైమ్‌జోన్ పేరు లైన్లోనే రాయొచ్చు కాబట్టి సర్వర్‌ని యూటీసీ నుంచి మార్చాల్సిన పని లేదు. మార్చితే మీ అప్లికేషన్ లాగ్‌ల టైములన్నీ అటూ ఇటూ అవుతాయి.

సేవ్ చేశాక సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-టైమర్స్ కొట్టి తర్వాతి టైము ఎంత చూపిస్తోందో కళ్ళతో చూడండి. 03:00 మన టైము అంటే యూటీసీలో ముందు రోజు 21:30, ఆలస్యం కలుపుకుని 21:30 నుంచి 21:50 మధ్య చూపిస్తుంది, కంగారు పడకండి.

గుంటూరు_గ్రెప్
రాత్రి బ్యాకప్ ఎన్నింటికి? డంప్ నడుస్తుండగా డేటాబేస్ రీస్టార్ట్ అయితే ఆ బ్యాకప్ పనికిరాదు. బ్యాకప్ ఒంటిగంటకి మొదలై మూడు లోపు అయిపోయేలా చూడండి, ఆ తర్వాతే అప్‌గ్రేడ్. అప్పుడు అప్‌గ్రేడ్ చెడిపోయినా చేతిలో గంటా రెండు గంటల క్రితం కాపీ ఉంటుంది.

బెజవాడ_అడ్మిన్
బ్యాకప్ రెండింటికి ఉంది. ముందుకి జరుపుతాను. ఇంకో చిక్కు: క్యాజువాలిటీ రాత్రంతా నడుస్తుంది. రద్దీ ఉండదు కానీ పేషెంట్లు వస్తూనే ఉంటారు.

గుంటూరు_గ్రెప్
మైఎస్‌క్యూఎల్ రీస్టార్ట్ అంటే సాధారణంగా నిమిషం కూడా కాదు. సాఫ్ట్‌వేర్ చేసిన వాళ్ళని అడగండి, కనెక్షన్ తెగితే నాలుగైదు సెకన్లు ఆగి మళ్ళీ ప్రయత్నించేలా రాయమని. సగం బిల్లు పోవడం అనేది అసలు ఆ ప్రోగ్రాం లోపం. రేపు కేబుల్ వదులైనా అదే జరుగుతుంది.

నైట్‌షిఫ్ట్_నాని
మీరంతా టైము మార్చితే చాలు అంటున్నారు, నేను ఒప్పుకోను. టైము ఏదైనా, పరీక్షించని కోడ్ ప్రొడక్షన్‌లో పడుతోందిగా? 2022 జూన్ గుర్తుందా? ఉబుంటు 20.04 మీద క్లౌడ్ కోసం ఇచ్చే 5.13 కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) అప్‌డేట్ వచ్చింది. అది పడ్డ మెషీన్లలో డాకర్ కంటైనర్ (అప్లికేషన్‌ని విడిగా నడిపే పెట్టె లాంటిది) మొదలుపెట్టగానే కెర్నల్ క్రాష్. రాత్రి పడుకుని లేచేసరికి సర్వర్లు పడిపోయి ఉన్నాయి. అలాంటిది ఆసుపత్రిలో జరిగితే?

డల్లాస్_డెబియన్
నాని చెప్పింది కొట్టిపారేసే మాట కాదు. దానికన్నా పెద్దది 2023 మార్చి 8న డేటాడాగ్‌కి (సర్వర్లని గమనించే సర్వీసు అమ్మే కంపెనీ) జరిగింది. వాళ్ళే వివరంగా రాసి ప్రచురించారు. వాళ్ళ ఉబుంటు 22.04 మెషీన్లలో సిస్టమ్‌డీకి సెక్యూరిటీ అప్‌డేట్ ఆటోమేటిక్‌గా పడింది. దాంతో నెట్‌వర్క్ చూసే సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ రీస్టార్ట్ అయ్యి, కంటైనర్ల నెట్‌వర్క్ కోసం సిలియం అనే ప్రోగ్రాం పెట్టుకున్న దారులని (రూట్లని) తనవి కావని తుడిచేసింది. మెషీన్లు ఉన్నాయి, నెట్‌వర్క్ లేదు. వేర్వేరు క్లౌడ్‌లు, వేర్వేరు ఖండాలు, అయినా దాదాపు ఒకేసారి పడిపోయాయి.

ఎందుకు ఒకేసారి? మొదలైన టైము 06:03 యూటీసీ. పైన రూట్ గారు చెప్పిన 6 నుంచి 7 కిటికీయే. ప్రాంతాలని ఎంత దూరంగా విడదీసినా, టైమర్ మాత్రం అన్నిటిలో ఒకటే. ఆ తర్వాత వాళ్ళు ఆ దారిని మూసేసి అప్‌డేట్లని తమ సొంత పద్ధతిలో విడతలుగా వేసుకుంటున్నారు.

కానీ నానీ, వాళ్ళకి ఆ పని చూసుకోవడానికి ఇంజినీర్ల బృందాలు ఉన్నాయి. బెజవాడ గారికి ఆయనొక్కరే. ఆయన ఆపేస్తే దాని స్థానంలో ఏమీ రాదు.

ఓరుగల్లు_రూట్
సరిగ్గా అదే. 2024 జులై 1 చూడండి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే ప్రోగ్రాం) రెగ్రెషన్ అనే లోపం బయటపడింది, క్వాలిస్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్ళు కనిపెట్టారు. లాగిన్ అవ్వకుండానే రూట్, అంటే సర్వర్ మీద పూర్తి అధికారం, దక్కే అవకాశం. 8.5 నుంచి 9.7 దాకా వెర్షన్లకి వర్తిస్తుంది, అంటే డెబియన్ 12, ఉబుంటు 22.04 రెండూ అందులోనే. ప్యాచ్ అదే రోజు వచ్చింది. ఆటోమేటిక్ ఉన్నవాళ్ళకి మర్నాటికల్లా పడిపోయింది. నెలకో ఆదివారం పద్ధతిలో ఉంటే ఆ సర్వర్ ఎన్నాళ్ళు తలుపు తీసి ఉండేది?

2017లో కంప్యూటర్లని బందీ చేసి డబ్బు అడిగిన వానాక్రై కూడా అంతే. అది విండోస్ కథే, కానీ ప్యాచ్ మార్చిలో వచ్చింది, దాడి మే నెలలో జరిగింది. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లకి కూడా తగిలింది.

సీమ_సిసాడ్మిన్
మరి 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ (ఫైళ్ళని కుదించే టూల్) లోకి ఎవరో దొంగదారి పెట్టిన బ్యాక్‌డోర్ సంగతి? ఆటోమేటిక్‌గా వేసుకున్నవాళ్ళకే కదా ముందు పడింది.

డల్లాస్_డెబియన్
కాదు. 5.6.0, 5.6.1 వెర్షన్లు డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్, ఫెడోరా పరీక్ష విడుదలల దాకా వెళ్ళాయి. డెబియన్ స్టేబుల్‌కి రాలేదు. సర్వర్‌లో స్టేబుల్ వాడుతూ సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే ఆటోమేటిక్‌గా వేసుకునేవాళ్ళని అది తాకలేదు. అసలు ఆ పద్ధతి విలువే అది: కొత్త వెర్షన్లు రావు, పాత వెర్షన్‌కే లోపం సరిచేసిన ముక్క అతికించి ఇస్తారు.

మైఎస్‌క్యూఎల్ లాంటివి మినహాయింపు, వాటికి కొత్త పాయింట్ వెర్షనే వస్తుంది.

నైట్‌షిఫ్ట్_నాని
సరే, సెక్యూరిటీ వరకు ఒప్పుకుంటాను. మిగతావి మాత్రం ఆటోమేటిక్ వద్దు. కెర్నల్ అస్సలు వద్దు.

కాకినాడ_కెర్నల్
కెర్నల్ సంగతి పక్కన పెడితే, డిఫాల్ట్‌గా ఉబుంటులో ఉన్నది కూడా అదేగా. 50అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ అనే ఫైలు తెరిస్తే పైనే అలౌడ్-ఆరిజిన్స్ జాబితా ఉంటుంది. సెక్యూరిటీ లైను ఆన్‌లో ఉంటుంది, మామూలు అప్‌డేట్స్ లైను ముందు రెండు స్లాష్‌లు ఉంటాయి, అంటే అది ఆఫ్. ఎవరో "అన్నీ అప్‌డేట్ అవ్వాలి" అని ఆ స్లాష్‌లు తీసేస్తే తప్ప మిగతావి పడవు. బెజవాడ గారూ, అది ఒకసారి చూసుకోండి.

ఇంకో సంగతి. బయటి రిపాజిటరీలు, అంటే పీపీఏలు (ఎవరైనా సొంతంగా పెట్టుకునేవి), ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ వాళ్ళ సొంత రిపాజిటరీ, డాకర్ వాళ్ళది, ఇవేవీ ఆ జాబితాలో ఉండవు. కాబట్టి వాటికి సెక్యూరిటీ ప్యాచ్ వచ్చినా దానంతట పడదు. అంతా ఆటోమేటిక్ అని ధైర్యంగా ఉంటాం, బయటికి కనిపించే వెబ్ సర్వర్ మాత్రం ఏడాది పాతది. ఆప్ట్-క్యాష్ పాలసీ కొడితే ప్రతి రిపాజిటరీకి ఓ ఈక్వల్స్, ఏ ఈక్వల్స్ అని విలువలు చూపిస్తుంది. ఆ రెండూ మధ్యలో కోలన్‌తో జాబితాలో చేర్చాలి.

సీమ_సిసాడ్మిన్
బెజవాడకి సులువైన దారి: అదే ఫైలులో ప్యాకేజీ-బ్లాక్‌లిస్ట్ ఉంటుంది, అందులో మైఎస్‌క్యూఎల్ పేరు పెట్టేస్తే దాన్ని ముట్టుకోదు. మిగతావన్నీ మామూలుగా పడతాయి.

కాకినాడ_కెర్నల్
పెట్టొచ్చు. అది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అని గుర్తుంచుకోండి, పేరు మొదటి నుంచి పోల్చుతుంది. లిబ్‌సీ6 అని ఊరికే రాస్తే లిబ్‌సీ6-డెవ్ కూడా ఆగిపోతుంది, చివర డాలర్ గుర్తు పెడితే ఆ ఒక్కటే.

పాలకొల్లు_ప్యాకెట్
బ్లాక్‌లిస్ట్‌తో పని అయిపోయిందనుకోకండి. 24.04కి వెళ్ళాక కథ మారుతుంది. అందులో నీడ్‌రీస్టార్ట్ అనే ప్రోగ్రాం, అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్ అయ్యాక, పాత లైబ్రరీ పట్టుకుని కూర్చున్న సర్వీసులని డిఫాల్ట్‌గా తనే రీస్టార్ట్ చేస్తుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అప్‌డేట్ పడింది అనుకోండి, మైఎస్‌క్యూఎల్ ప్యాకేజీని ముట్టుకోకపోయినా సర్వీసు రీస్టార్ట్ అవుతుంది.

అలా చేయడం న్యాయమే. 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు లైబ్రరీ అప్‌గ్రేడ్ చేసి చేతులు దులుపుకున్నవాళ్ళు ఎంతమందో. సర్వీసు రీస్టార్ట్ చేయకపోతే మెమరీలో పాత లోపం అలాగే నడుస్తుంది, డిస్క్ మీద మాత్రం కొత్త ఫైలు కనిపిస్తుంది. మీకు డేటాబేస్ ఒక్కదానికి మినహాయింపు కావాలంటే నీడ్‌రీస్టార్ట్ కాన్ఫ్ ఫోల్డర్‌లో ఓవర్‌రైడ్ పెట్టుకోవచ్చు. కానీ రాత్రి మూడింటికి రీస్టార్ట్ అయితే మీకేం నష్టం? నేనైతే ఏ మినహాయింపూ పెట్టను.

బెజవాడ_అడ్మిన్
బ్లాక్‌లిస్ట్ పెట్టను, నిర్ణయించుకున్నాను. టైమర్ 03:00కి మార్చాను, లిస్ట్-టైమర్స్‌లో 21:30 యూటీసీ దాటాక అని చూపిస్తోంది. బ్యాకప్ ఒంటిగంటకి జరిపాను. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి కనెక్షన్ గురించి మెయిల్ పెట్టాను.

ఇప్పుడు కెర్నల్ సంగతి. లాగిన్ అయినప్పుడల్లా "రీబూట్ చేయాలి" అని చూపిస్తోంది, ఎన్నాళ్ళ నుంచో. ఆటోమేటిక్-రీబూట్ ఆన్ చేయమంటారా?

నైట్‌షిఫ్ట్_నాని
వద్దు వద్దు. ఇక్కడ మాత్రం నా మాట వినండి. అది డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉందంటే ఊరికే కాదు.

ఓరుగల్లు_రూట్
ఇక్కడ నానితో ఏకీభవిస్తున్నాను, ఒకే మెషీన్ మీద అన్నీ ఉన్నాయి కాబట్టి. తెల్లారుజామున లేవకపోతే చూసే దిక్కు ఉండదు.

ఆన్ చేసేవాళ్ళకి ఒక హెచ్చరిక: ఆటోమేటిక్-రీబూట్-టైమ్ విలువ సర్వర్ టైములో లెక్క. యూటీసీ మెషీన్‌లో 02:00 అని రాస్తే మనకి పొద్దున ఏడున్నర. అసలు టైము ఇవ్వకపోతే అప్‌గ్రేడ్ అవ్వగానే రీబూట్ అయిపోతుంది. ఎవరైనా లాగిన్ అయి ఉన్నా ఆగదు, దానికి విత్-యూజర్స్ అనే ఆప్షన్‌ని ఫాల్స్ చేయాలి.

గుంటూరు_గ్రెప్
రీబూట్ అవసరమైనప్పుడు వార్ రన్‌లో రీబూట్-రిక్వైర్డ్ అనే ఫైలు పుడుతుంది. పక్కనే డాట్ పీకేజీఎస్ ఫైలులో ఏ ప్యాకేజీ వల్లో కూడా రాసి ఉంటుంది. మా దగ్గర చిన్న స్క్రిప్టు ఉంది: రోజూ పొద్దున తొమ్మిదికి ఆ ఫైలు ఉందా అని చూసి, ఉంటే అందులోని పేర్లతో టెలిగ్రామ్ గ్రూపులో మెసేజ్ వేస్తుంది. మెసేజ్ చూశాక ఆ వారం ఏదో ఒక రాత్రి మనిషి కూర్చుని రీబూట్ చేస్తాడు. మెయిల్ ఆప్షన్ కూడా ఉంది కానీ సర్వర్‌లో మెయిల్ పంపే ప్రోగ్రాం ఏదీ లేకపోతే ఆ లైను రాసినా రాయకపోయినా ఒకటే. ఉంటే మెయిల్-రిపోర్ట్‌కి "ఓన్లీ-ఆన్-ఎర్రర్" పెట్టుకోండి. రోజూ వచ్చే మెయిల్ ఎవరూ చదవరు.

కాకినాడ_కెర్నల్
రీబూట్‌లు తగ్గాలంటే లైవ్‌ప్యాచ్ చూడండి, రీబూట్ లేకుండానే కెర్నల్‌కి ప్యాచ్ వేస్తుంది, ఉబుంటు ప్రోలో భాగం. సొంత వాడకానికి 5 మెషీన్ల దాకా ఉచితం, ఆసుపత్రికి వర్తిస్తుందో లేదో షరతులు చూసుకోండి. అది కూడా కెర్నల్‌లోని ముఖ్యమైన లోపాలకే. ఎప్పుడో ఒకప్పుడు రీబూట్ తప్పదు.

ఒంగోలు_ల్యాబ్
మాది వేరే తలనొప్పి. డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో 40 పీసీలు, అన్నీ ఉబుంటు డెస్క్‌టాప్. రాత్రి పవర్ ఆఫ్ చేస్తాం. టైమర్ రాత్రికి మార్చినా పొద్దున పిల్లలు ఆన్ చేయగానే అప్‌డేట్ మొదలెడుతున్నాయి. 40 ఒకేసారి. ఇంటర్నెట్ కదలదు, ప్రాక్టికల్స్ ఆగిపోతున్నాయి. ఎవరైనా ఏదైనా ఇన్‌స్టాల్ చేద్దామంటే "లాక్ దొరకలేదు" అని ఎర్రర్.

పాలకొల్లు_ప్యాకెట్
టైమర్‌లో పర్సిస్టెంట్ అనే సెట్టింగ్ ట్రూగా ఉంటుంది. మెషీన్ ఆఫ్‌లో ఉండి టైము దాటిపోతే ఆన్ అయ్యాక ఆ బాకీ తీర్చుకుంటుంది. ల్యాబ్‌కి పర్సిస్టెంట్ ఫాల్స్ చేసి, అప్‌గ్రేడ్ టైముని లంచ్ బ్రేక్‌కి పెట్టండి. డౌన్‌లోడ్ టైమర్ వేరే ఉంది కదా, దానికీ అలాగే చేయాలి.

ఇంటర్నెట్ కోసం ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ పెట్టుకోండి. ఒక పాత పీసీ చాలు. పోర్టు 3142. మొదటి మెషీన్ తెచ్చుకున్న ప్యాకేజీని దాచిపెట్టి మిగతా 39కి లోకల్‌గా ఇస్తుంది. ల్యాబ్ పీసీల ఆప్ట్ కాన్ఫిగ్‌లో ప్రాక్సీ లైను ఒక్కటి రాస్తే అయిపోతుంది. హెచ్‌టీటీపీఎస్ రిపాజిటరీలని మాత్రం అది దాచలేదు.

సీమ_సిసాడ్మిన్
లాక్ ఎర్రర్ వచ్చిందని పిల్లలు నెట్‌లో చూసి లాక్ ఫైలు డిలీట్ చేస్తారు, అది చేయనివ్వకండి. మధ్యలో డీపీకేజీ (ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాం) డేటాబేస్ పాడవుతుంది. ఐదు నిమిషాలు ఆగితే అదే వదిలేస్తుంది. అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోతే మళ్ళీ ఆన్ చేశాక డీపీకేజీ, పక్కన రెండు డాష్‌లతో కాన్ఫిగర్, తర్వాత మైనస్ ఏ. చాలావరకు దాంతోనే కోలుకుంటుంది.

ఒంగోలు_ల్యాబ్
కరెంటు సంగతి సరిగ్గా పట్టుకున్నారు, వేసవిలో అదే మా గొడవ. క్యాషర్ ఈ వారమే పెడతాను.

బీఎస్‌డీ_భక్తుడు
లైనక్స్ కాని ఇంకో సిస్టమ్, ఫ్రీబీఎస్‌డీలో ఈ గొడవే లేదు. ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ క్రాన్ అని ఉంది. అది ఒక గంట లోపల ఎంతసేపో ఆగి, ప్యాచ్‌లు డౌన్‌లోడ్ చేసి, రూట్‌కి మెయిల్ పెట్టి ఊరుకుంటుంది. ఇన్‌స్టాల్ మనిషే చేయాలి. ఓపెన్‌బీఎస్‌డీలో సిస్‌ప్యాచ్, 6.1 నుంచి ఉంది. ఎంత ప్రశాంతంగా ఉంటుందో.

నైట్‌షిఫ్ట్_నాని
ఇన్నాళ్ళకి నా మనిషి దొరికాడు. భక్తుడు గారూ, టీ నా ఖాతాలో.

డల్లాస్_డెబియన్
ఆ మెయిల్ చదివే మనిషి ఉన్నంతవరకు బాగానే ఉంటుంది. నేను చూసిన ఒక చిన్న కంపెనీలో ఆ మనిషి ఉద్యోగం మారాడు. రూట్ మెయిల్‌బాక్స్‌లో రెండేళ్ళ హెచ్చరికలు వరసగా ఉన్నాయి, ఒక్కటీ తెరవలేదు.

విశాఖ_ఆల్మా
ఆల్మాలైనక్స్, రెడ్‌హ్యాట్ వాడేవాళ్ళకి: డీఎన్‌ఎఫ్-ఆటోమేటిక్. కాన్ఫిగ్‌లో అప్‌గ్రేడ్-టైప్‌ని సెక్యూరిటీ చేయాలి, అప్లై-అప్‌డేట్స్‌ని ఎస్ చేయాలి. రెండోది మర్చిపోతే డౌన్‌లోడ్ చేసి కూర్చుంటుంది. ఇదీ 6 గంటలకే, ఇదీ గంట ఆలస్యంతోనే, కాబట్టి యూటీసీ మెషీన్లలో పైన చెప్పిన 11:30 బాధే. ఇంకా సెంటోస్ 7 మీద ఉన్నవాళ్ళు ఏమీ సెట్ చేసుకోనక్కర్లేదు. 2024 జూన్ 30తో దానికి అప్‌డేట్లు ఆగిపోయాయి, ముందు మెషీన్ మార్చండి.

సీమ_సిసాడ్మిన్
నాకూ ఒక ప్రశ్న. మా దగ్గర 12 వెబ్ సర్వర్లు. డేటాడాగ్ కథ చదివాక టెన్షన్ పట్టుకుంది, మా 12లో టైమర్ ఒకటే. రోజులు మార్చితే చాలా? సోమవారం టెస్ట్ మెషీన్, మంగళవారం రెండు, గురువారం మిగతావి?

డల్లాస్_డెబియన్
ఆన్‌క్యాలెండర్‌లో రోజు పేరు రాస్తే రోజులు విడిపోతాయి, ఆ ఒక్కటీ చేసినా పన్నెండూ ఒకేసారి పడవు. కానీ ఒక లొసుగు ఉంది. గురువారం పడేది సోమవారం పరీక్షించిన వెర్షనే అని నమ్మకం లేదు. బుధవారం కొత్తది వస్తే గురువారం మెషీన్లకి అదే పడుతుంది, దాన్ని ఎవరూ చూసి ఉండరు.

దానికి స్నాప్‌షాట్ సర్వీసు ఉంది. ఉబుంటులో ఆప్ట్‌కి ఒక తేదీ, టైము ఇస్తే ఆ క్షణానికి రిపాజిటరీ ఎలా ఉందో అలాగే చూపిస్తుంది. డెబియన్‌కి కూడా స్నాప్‌షాట్ ఆర్కైవ్ ఉంది. సోమవారం తేదీని పన్నెండు మెషీన్లకీ పెట్టి, టెస్ట్ మెషీన్ బాగుంటే మిగతావి అదే తేదీతో నడపండి. వారం వారం ఆ తేదీ మార్చే పనిని యాన్సిబుల్‌కి (చాలా మెషీన్లకి ఒకేసారి మార్పులు చేసే టూల్) అప్పగించండి. రెగ్రెషన్ లాంటిది వచ్చిన రోజు మాత్రం గురువారం దాకా ఆగకుండా చేత్తో తోసెయ్యాలి.

సీమ_సిసాడ్మిన్
యాన్సిబుల్ ఉంది, తేదీ ఒక వేరియబుల్‌గా పెట్టేస్తాను. అప్‌గ్రేడ్ కాకుండా ఏం పడబోతోందో ముందే చూసే దారి ఉందా?

ఓరుగల్లు_రూట్
సుడో అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్, పక్కన డ్రై-రన్, డీబగ్ రెండూ ఇవ్వండి. కమాండ్ పేరులో చివర ఎస్ లేకుండా. ఏ ప్యాకేజీ తీసుకుంటుందో, దేన్ని ఎందుకు వదిలేస్తుందో లైను లైనుగా చెబుతుంది. "కాన్ఫ్‌ఫైల్ ప్రాంప్ట్" అని కనిపించిన ప్యాకేజీలని రాసిపెట్టుకోండి. మనం కాన్ఫిగ్ ఫైలు మార్చి ఉంటే, కొత్త ప్యాకేజీలో కూడా ఆ ఫైలు మారితే, అది అడక్కుండా ముందుకి పోదు, ఆ ప్యాకేజీని వదిలేస్తుంది. వాటిని చేత్తో వేయాల్సిందే.

సీమ_సిసాడ్మిన్
ఇప్పుడే ఒక మెషీన్‌లో నడిపాను. రెండు ప్యాకేజీలకి అదే వచ్చింది, అందులో ఒకటి ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్. ఈ రాత్రికే కూర్చుంటాను.